చుట్టకుదురు

కావలి డిపోలో కండక్టర్నని తెలిసి
లెక్క రాసే పని నాకిచ్చారు.
అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం,
దారం కట్టిన పెన్ను.
గళ్లు ముందే అచ్చయి ఉన్నాయి:
సీసాలు, చెప్పులు, మూతలు, వల పీలికలు, ఇతరాలు.

తుమ్మలపెంట.
దీపావళి వెళ్లి నాలుగు రోజులు.
మొన్నటి వాయుగుండానికి సముద్రం
డికాషన్ రంగు తేలి
ఇంకా విసుగ్గానే ఉంది.
కాలేజీ పిల్లలు ముప్పై ఒక్కరు,
బ్యాంకు మేనేజరు, ఆయన భార్య,
టోపీ పెట్టుకున్న కంటి డాక్టరు,
వీక్లీ ఆఫ్‌లో నేను.

మొదటి గంట లెక్క తేలిగ్గానే నడిచింది.
నీళ్ల సీసాలు నూట పన్నెండు.
చెప్పులు నలభై, ఒక్క జతా కలవలేదు.
ఉల్లంకి పిట్టలు అప్పుడే దిగినట్టున్నాయి,
అల వస్తే వెనక్కీ అల పోతే ముందుకీ
ఫుట్‌బోర్డు మీది కుర్రాళ్లలా.
ఎంత చెప్పినా లోపలికి రారు వాళ్లు.

అప్పుడు నస్రీన్ కేక పెట్టింది.
దగ్గుమందు సీసా మూత ఒకటి
తనంతట తానే నడుచుకుంటూ పోతోంది.
ఒంగి చూస్తే లోపల పీత,
వేలెడంత లేదు,
సంసారం మొత్తం ఆ మూతలోనే.
పక్కనే ఖాళీ గుల్ల పెట్టాం.
తడిమింది, కొలిచింది,
ఇల్లు చూడ్డానికొచ్చి
అద్దె ఎక్కువన్నవాడిలా
మూతతోనే వెళ్లిపోయింది.
మూతలు: యాభై మూడు.
కొట్టేసి, యాభై రెండు.

ఇమ్మానియేలు తెచ్చిన చెప్పు మీద
మన అక్షరాలు కాని అక్షరాలున్నాయి.
అడుగున గుత్తులుగా ఏవో వేలాడుతున్నాయి,
నల్లటి మెడలు, తెల్లటి గోళ్లు.
గోళ్లు విచ్చుకుని
కనురెప్ప వెంట్రుకల్లాంటివి బయటికొచ్చి
ఉత్తగాలిని గోకి
మళ్లీ మూసుకున్నాయి.
ఎన్ని నెలల ప్రయాణమో, ఎక్కడ ఎక్కాయో,
నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో
ఇంత కిక్కిరిసిన బండి చూళ్లేదు.
సముద్రంలోకి విసిరితే చెప్పు మళ్లీ చెత్త.
సంచిలో వేస్తే
ఇవన్నీ చెత్త.
ఇమ్మానియేలు నా వైపు చూశాడు.
నేను డాక్టరు వైపు చూశాను.
డాక్టరు టోపీ సర్దుకున్నాడు.
ఆ చెప్పు చాలాసేపు పడవ నీడలో ఉంది.
తర్వాత ఎవరు తీశారో నేను చూడలేదు.
చూడకూడదనే చూడలేదు.

నీళ్లు తగ్గిన చోట
బూడిదరంగు రబ్బరు చుట్లు,
ఏ లారీ ట్యూబునో కత్తిరించి పారేసినట్టు.
ఏరి సంచిలో వేశాను.
ఇతరాలు: పదకొండు.

చేపల తట్టతో పోతున్న కావేరమ్మ ఆగింది.
"ఏందబ్బయా, అయ్యెందుకు ఏరతా ఉండావు?"
"చెత్త కదమ్మా."
"చెత్తంట! నత్త గుడ్లబ్బయా అయి.
ఇసకలో జిగట కలిపి, గుడ్లు నడాన పెట్టి
తన చుట్టూ తానే తిప్పుకుంటది.
యాడుండేటియి ఆడ పెట్టు పో."

తట్ట దించింది.
తలమీది పాతచీర చుట్టకుదురు తీసి
నా చేతిలోదాని పక్కన పట్టుకుంది.
ఒకే అచ్చు.
నత్తది ఒకచోట తెగి ఉంది, అంతే.
ఎండకెత్తితే
ఇసుక రేణువుల సందుల్లో
జల్లెడ కళ్లలా చుక్కలు,
చుక్కకో బతుకు.

సంచి కుమ్మరించాను.
రెండు గంటలు ఏరిందంతా
మళ్లీ ఒడ్డు మీదే పడింది.
మేనేజరు భార్య అయ్యో అంది.
పది దొరికాయి.
పదకొండోది సీసాల కింద నలిగి
ఉత్త ఇసకైపోయింది.
పదింటినీ తడి తగిలేచోట
ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాను
దిగే స్టేజీ రాకముందే
చిల్లర తిరిగిచ్చినట్టు.

"తట్ట పట్టబ్బయా," అంది.
పట్టాను. బో బరువు.
చుట్టకుదురు సర్దుకుని
మెడ ఒక్కసారి అటూ ఇటూ తిప్పి
ఊళ్లోకి వెళ్లిపోయింది.

చిల్లర లేనప్పుడు
టికెట్ వెనక రాసిచ్చే అలవాటు నాది.
కాగితం తిప్పాను.
తెల్లగా, గళ్లేమీ లేకుండా ఉంది.
నత్తకు ఒకటి బాకీ, అని రాసి
కింద సంతకం పెట్టాను.